క్వారీ బస్సుకి బదులు దారి ఉందా?

(నగర బస్సు సంస్థ ప్రధాన కార్యాలయంలో, మేడ మీది క్యాంటీన్ హాల్లో, కంప్యూటర్ సెక్షన్ నుంచి ఆ రోజే పదవీ విరమణ చేసిన ఉద్యోగిని తన వీడ్కోలు సభలో మాట్లాడిన మాటలు)

అధ్యక్ష స్థానంలో కూర్చుని, ఇందాకటి నుంచీ వాచీ వైపు చూడకుండా ఉండటానికి నానా అవస్థా పడుతున్న మన జనరల్ మేనేజర్ గారికి, ఆయన పక్కనే కూర్చుని నేను మైకు అందుకోగానే ఎందుకో కాస్త సర్దుకున్న డిపో సారుకి, నాకన్నా ముందే రిటైరైపోయి ఈ పూట నా కోసం మళ్ళీ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చిన టైం కీపర్ బాబాయికి, డ్యూటీ దిగి యూనిఫారాలతోనే వచ్చేసి వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ డ్రైవర్లకీ, కండక్టర్లకీ, నా సెక్షన్ వాళ్ళకీ, మొదటి వరసలో కూర్చున్న మా ఆయనకీ, ఆయన పక్కనే కూర్చున్న మా చెల్లెలికీ, అందరికీ పేరుపేరునా నమస్కారం.

ముందు మాట్లాడిన పెద్దలు నన్ను చాలా పొగిడారు. ఓర్పు గల మనిషి అన్నారు, నోట్లో నాలుక లేని మనిషి అన్నారు. ఆ మాటన్నప్పుడు నేను మా ఆయన మొహమే చూస్తున్నాను. పాపం, నీళ్ళ సీసా మూత తీసి తాగబోతూ పొలమారారు. (నవ్వులు) ఏమండీ, ఇంకెంతసేపు, ఇంటికి వెళ్ళాక మాట్లాడుకుందాం, ఇప్పుడు మాత్రం తల దించుకోకుండా కూర్చోండి.

నా అసలు పేరు ఈ హాల్లో ఎంతమందికి గుర్తుందో నాకు తెలియదు. రూటక్క అంటేనే అందరికీ తెలుస్తుంది. ఆ పేరు పెట్టింది టైం కీపర్ బాబాయే. అప్పట్లో విచారణ కౌంటరు ఫోను తిరిగి తిరిగి చివరికి నా బల్ల మీదకి వచ్చి చేరేది. ఫలానా చోటు నుంచి ఫలానా చోటికి ఎలా పోవాలమ్మా అని అడిగేవాళ్ళు. నాకు తెలిసేది కాదు, కానీ తెలియదని చెప్పడానికి మనసొప్పేది కాదు. ఒక్క నిమిషం ఉండండి అని చెప్పి, రిసీవరు పక్కన పెట్టి, గోడ మీది మ్యాపు దగ్గరికి వెళ్ళి వేలు పెట్టి వెతికేదాన్ని. ఎర్ర గీత మీద మొదలుపెట్టి నీలం గీత కలిసే దాకా పోయి, అక్కడి నుంచి ఆకుపచ్చ గీత పట్టుకునే సరికి అవతల ఆ మనిషి ఫోను పెట్టేసేవాడు. నడిచి వెళ్ళిపోయి ఉంటాడు. (నవ్వులు)

అప్పుడే నాకు ఒక సందేహం పట్టుకుంది. పట్టుకుందంటే మామూలుగా కాదు, చెవిలో జోరీగలాగా. మన డేటాబేస్‌లో బస్సుల వివరాలన్నీ ఉన్నాయి కదా, అందులో ఏముంటుందో మీకందరికీ తెలుసు. ఒక్కో వరుసలో ఒక స్టాపు, దాని తర్వాతి స్టాపు, ఆ మధ్య తిరిగే బస్సు నంబరు ఉంటాయి, అంతకు మించి ఏమీ ఉండదు. కానీ ఫోను చేసిన ఏ ఒక్కరూ తర్వాతి స్టాపు గురించి అడగరు. తర్వాతి స్టాపు అయితే కనిపిస్తూనే ఉంటుంది, లేచి నడుస్తారు. అడిగేదంతా కంటికి కనిపించనంత దూరం గురించే, ఆ దూరమేమో ఏ వరుసలోనూ రాసి లేదు. ఎక్కడా రాసి లేని దాన్ని, రాసి ఉన్న చిన్న చిన్న ముక్కల్లోంచి ఎలా రప్పించడం? ఇదీ నా సందేహం. ఇంట్లో కూర తరుగుతూ కూడా ఇదే ఆలోచన. వేలు తెగింది కూడా, మా ఆయన సాక్ష్యం.

రికర్సివ్ క్వెరీ అని ఒకటుందని ఒక శిక్షణ తరగతిలో చెప్పారు. ఆ మాట విని భయపడకండి, వెనక ఎవరో అప్పుడే ఆవులిస్తున్నారు. (నవ్వులు) క్వెరీ అంటే డేటాబేస్‌ని మనం అడిగే ప్రశ్న. మామూలు క్వెరీ ఒక్కసారి అడుగుతుంది, జవాబు తీసుకుని ఊరుకుంటుంది. ఈ రికర్సివ్ క్వెరీ ఊరుకోదు. తనకొచ్చిన జవాబు మీదే మళ్ళీ అదే ప్రశ్న అడుగుతుంది. ఇక్కడి నుంచి ఒక్క అడుగులో ఎక్కడెక్కడికి పోవచ్చు? నాలుగు చోట్లకి. సరే, ఆ నాలుగింటి నుంచి ఒక్క అడుగులో ఎక్కడెక్కడికి? వాటి నుంచి ఎక్కడికి? కొత్త చోటు దొరకడం ఆగిపోయేదాకా అడుగుతూనే ఉంటుంది. మా అమ్మాయి చిన్నప్పుడు కథ చెబితే ఇలాగే "తర్వాత?" అనేది. రాజు అడవికి వెళ్ళాడంటే తర్వాత అంటుంది, తిరిగొచ్చాడంటే తర్వాత అంటుంది, పడుకున్నాడంటే కూడా తర్వాతే. ఆ పిల్ల నన్ను మూడు చెరువుల నీళ్ళు తాగించింది గానీ, అదే పని కంప్యూటరు చేస్తుంటే నాకు ఒళ్ళు పులకరించింది.

మొదటిసారి రాసి నడిపిన రోజు చెప్పాలి. బజారు నుంచి కోర్టుకి దారి చెప్పమని అడిగి, గర్వంగా చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఎంతసేపైనా జవాబు లేదు. కాసేపటికి మెషిన్ రూం ఇంజినీరు గారు మెట్లు దిగి పరుగున వచ్చారు. "మేడం, ఏం పెట్టారు పొయ్యి మీద? పైన ఫ్యాన్లు విమానంలాగా మోగుతున్నాయి" అన్నారు. నేనేం పెట్టానండీ, దారి అడిగాను అంతే అన్నాను. తీరా చూస్తే మన రింగు బస్సుంది కదా, బజారు నుంచి వంతెన, వంతెన నుంచి స్టేడియం, అక్కడి నుంచి మళ్ళీ బజారు, అది ఎక్కి కూర్చుంది మన క్వెరీ. గానుగెద్దులాగా తిరుగుతోంది. ప్రతి చుట్టూ దానికి కొత్త దారిలాగే కనిపిస్తోంది, ఎందుకంటే నిన్ను ఇంతకుముందు ఇక్కడ చూశాం తల్లీ అని దానికి ఎవరూ చెప్పలేదు. ఎక్కడ దిగాలో తెలియని పెద్దావిడ కిటికీ పక్కన కూర్చుని ఊరంతా చూస్తున్నట్టు నాకు అనిపించింది. జాలి కూడా వేసింది.

అప్పుడు దానికి ఒక సంచీ తగిలించాను. వెళ్ళిన ప్రతి స్టాపు పేరూ అందులో వేసుకుంటూ పో, ముందుకెళ్ళే ముందు సంచీలో చూసుకో, ఆ పేరు అప్పటికే ఉంటే ఆ దారి వదిలెయ్ అని చెప్పాను. అంతే, కుదురుకుంది. ఇది వివరంగా చెబితే టైం కీపర్ బాబాయి చాలా శ్రద్ధగా విని, "ఆ సంచీ ఏదో మా అల్లుడికి కూడా తగిలించమ్మా, చెప్పిన సంగతే చెబుతాడు" అన్నారు. (నవ్వులు) బాబాయ్, అల్లుడు గారు రాలేదు కదా ఇవాళ? వచ్చారా! క్షమించండి బాబూ, నేను అనలేదు, మీ మావగారే అన్నారు. (పెద్దగా నవ్వులు)

ఆ తర్వాత ఎన్ని ముచ్చట్లో. ఒకసారి మూడు బస్సులు మారితే చేరే చోటికి ఏడు బస్సులు మార్పించింది, స్టాపులు ఒకటి తగ్గుతాయని. తప్పు దానిది కాదు, తక్కువ స్టాపులు కావాలన్నది నేనే. మనం ఏది అడిగితే అదే ఇస్తుంది, మనసులో ఉన్నది ఇవ్వదు. కొత్తగా చేరినవాళ్ళకి నేను చెప్పగలిగింది ఇంతే, మిగతాది పుస్తకాల్లో ఉంటుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. డిపో సారు సర్దుకున్నది దీనికోసమే, ఆయనకి ముందే ఉప్పందింది. (నవ్వులు)

ఆ మధ్య జనరల్ మేనేజర్ గారు మా సెక్షన్‌ని ఒక ప్రశ్న అడిగారు. బండ్లు చాలడం లేదు, డ్రైవర్లు చాలడం లేదు, ఎవరికీ దారి తెగకుండా ఆపగలిగిన బస్సులేవో చెప్పమన్నారు. న్యాయమైన ప్రశ్న. ఆయన స్థానంలో నేనున్నా అదే అడుగుతాను. మా క్వెరీకి అది చిటికెలో పని. ఒక్కో రూటునీ పక్కన పెట్టి, ఆ రూటు లేకుండా దాని ప్రయాణికులు తాము చేరాల్సిన చోటికి చేరగలరా అని అడిగాం. చేరగలరు అంటే బదులు దారి ఉంది, చేరలేరు అంటే లేదు. ఆ లెక్కలో క్వారీ బస్సు అన్నిటికన్నా పైన వచ్చింది. రాళ్ళ క్వారీ పక్క కాలనీ నుంచి ఊరి అవతలి పెద్దాసుపత్రి దాకా పోయే బస్సది. ఆ బస్సు తీసేస్తే ఒక్కరికి కూడా దారి తెగదని మా కాగితం చెప్పింది. మీటింగులో అందరం చప్పట్లు కొట్టాం. ఒకటో తారీఖు నుంచి ఆ బస్సు ఆపేయమని ఆర్డరు కూడా తయారైంది. ఇంకా అమలు కాలేదు.

మా చెల్లెలు ఆ క్వారీ కాలనీలో ఉంటుంది. ఇదిగో, ఇక్కడే కూర్చుంది. నువ్వు లేచి నిలబడక్కర్లేదు, కూర్చో. దాని కిడ్నీలు పాడయ్యాయి. వారంలో కొన్ని రోజులు పెద్దాసుపత్రికి వెళ్ళి మెషిన్ మీద రక్తం శుభ్రం చేయించుకోవాలి. తన వంతు ఏ పూటో ఆ పూట అక్కడ ఉండాలి, లేకపోతే ఆ మంచం ఇంకొకరికి ఇచ్చేస్తారు. వంతు తప్పితే కాళ్ళు వాస్తాయి, ఊపిరి ఆడదు. దాచడానికేముంది, నేను ఇప్పుడు చెప్పబోయేదంతా మా చెల్లెలి గురించే. అక్కగారు చెల్లెలి కోసం బస్సు అడుగుతోందని ఎవరికైనా అనిపిస్తే, అవును, అడుగుతున్నాను. కానీ నా మాట నమ్మమనడం లేదు, క్వెరీకి అక్కాచెల్లెళ్ళు తెలియరు, దాన్నే నమ్మండి.

ఒకరోజు మా చెల్లెలు మా ఇంటికి వచ్చి, "అక్కా, మా బస్సు తీసేస్తున్నారట కదా" అంది.

తీసేస్తే ఏమైందే, బదులు దారి ఉంది, లెక్క నేనే కట్టాను అన్నాను.

"ఏ దారి?" అంది.

చూశారా, అక్కడ దొరికిపోయాను. ఉందా లేదా అనే మేం చూశాం. ఏ దారి అని మా సెక్షన్‌లో ఎవరూ అడగలేదు, మీటింగులో ఎవరూ అడగలేదు. ఇన్నేళ్ళూ ఫోనులో జనం అడిగిందంతా ఆ ఒక్క ప్రశ్నే, అది మా ఇంట్లో సోఫా మీద కూర్చుని మా చెల్లెలు అడిగేదాకా నాకు తోచలేదు. ఆ సంచీ గురించి చెప్పాను కదా, దారంతా అందులోనే ఉంటుంది, విప్పి చూడటమే తరువాయి. మర్నాడు ఆఫీసుకి రాగానే విప్పాను. ఎంత ముద్దొచ్చే దారో! క్వారీ కాలనీ మలుపులో ఒక బస్సు ఎక్కాలి, గోదాముల స్టాపులో దిగాలి, అక్కడ ఇంకో బస్సు ఎక్కితే తిన్నగా ఆసుపత్రి. ఒక్కసారి మారితే చాలు.

కాగితం మీద చూసి ఊరుకునే మనిషినా నేను, ఆ మధ్యాహ్నమే సెలవు పెట్టి బయలుదేరాను. మలుపులో ఎక్కాను, గోదాముల దగ్గర దిగాను. ఎదురుగా మన రెండో షెడ్డు. గేటులోంచి బస్సు బయటికి వచ్చింది, చెయ్యి ఎత్తాను, ఆగింది. డ్రైవరు కిటికీలోంచి వంగి, "రూటక్కా, మీరేంటి ఇటు? ఎక్కండి, ఎక్కండి" అన్నాడు. ఎక్కాను. కూర్చోవడానికి ఎన్ని సీట్లనుకున్నారు, బస్సంతా ఖాళీ! దర్జాగా ఆసుపత్రి ముందు దిగి చెల్లెలికి ఫోను చేసి, దారి బ్రహ్మాండంగా ఉందే, సీటు కూడా దొరుకుతుంది, అని చెప్పాను. బస్సంతా ఎందుకు ఖాళీగా ఉందో అని నా బుర్రకి తట్టనే లేదు. ఇంత కుతూహలం గల మనిషినని చెప్పుకుంటాను, ఆ ఒక్క ప్రశ్న మాత్రం రాలేదు.

తన వంతు వచ్చిన రోజు ఇది అదే దారిలో బయలుదేరింది. ఆఫీసులో ఉండగా ఫోను వచ్చింది. "అక్కా, బస్సు వచ్చింది గానీ ఆగలేదు" అంది. చెయ్యి సరిగ్గా ఊపావా అన్నాను. ఊపానంది. తర్వాతది ఎక్కమన్నాను. కాసేపటికి మళ్ళీ ఫోను, "ఇది కూడా ఆగలేదక్కా, ముందు బోర్డు కూడా లేదు" అంది. అక్కడే ఫుట్‌పాత్ అంచు మీద కూర్చుని నాలుగు బస్సులు చూసింది. దాని మంచం ఇంకొకరికి ఇచ్చేశారు. ఆ సాయంత్రం వాచిన కాళ్ళతో మంచం మీద కూర్చుని ఉంటే నేను చూశాను. ఏడుపొచ్చింది, కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. ఒకే స్టాపు, ఒకే టైము, నాకు ఆగే బస్సు దీనికెందుకు ఆగదు? కోపం కన్నా ఆ ప్రశ్నే ఎక్కువ పీకింది నన్ను, నిజం చెబుతున్నాను.

అందుకని ఇద్దరం కలిసి వెళ్ళాం. గోదాముల స్టాపులో ఒక లారీ ఆగి ఉంటే నేను దాని వెనక నిలబడ్డాను. దీన్ని ముందు నిలబెట్టాను. షెడ్డులోంచి బస్సు వచ్చింది. ఇది చెయ్యి ఊపింది, వెళ్ళిపోయింది. ఇంకొకటి వచ్చింది, ఊపింది, అదీ వెళ్ళిపోయింది. మూడోది వచ్చినప్పుడు నేను లారీ వెనక నుంచి బయటికి వచ్చాను. చెయ్యి కూడా ఎత్తలేదండీ, కీచుమని బ్రేకు! (నవ్వులు) ఆ డ్రైవరు ఇక్కడే గోడకి ఆనుకుని ఉన్నాడు, దాక్కోకు తమ్ముడూ, నిన్నేమీ అనను. ముందు బండ్లవాళ్ళు మా చెల్లెలికి ఎందుకు ఆపలేదు, నువ్వు నాకెందుకు ఆపావు అని అడిగితే, నేను వెర్రిదాన్నేమో అన్నట్టు చూశాడు. "ఇది సర్వీసు కాదు కదక్కా. షెడ్డు నుంచి ఆసుపత్రి దగ్గరున్న మొదటి స్టాపుకి పోయే ఖాళీ బండి. జనాన్ని ఎక్కించుకోం. మనవాళ్ళయితే వేరు" అన్నాడు.

మా చెల్లెలు అది విని, నా వైపు తిరిగి, "అక్కా, మీ కంప్యూటరు కూడా మీవాళ్ళేనా?" అంది.

(నవ్వులు)

నవ్వండి. నేనూ నవ్వాను, రోడ్డు మీదే. ఆఫీసుకి వచ్చి డేటాబేస్‌లో బస్సుల టేబుల్ తెరిచి చూస్తే, అక్షరాలా అదే. మనవాళ్ళే. షెడ్డు నుంచి బయలుదేరే ప్రతి ఖాళీ ట్రిప్పూ, రాత్రి షెడ్డుకి చేరే ప్రతి ఖాళీ ట్రిప్పూ అందులో ఉంది. ఉండాల్సిందే, డ్రైవరు డ్యూటీ లెక్కకి, డీజిల్ లెక్కకి అవి కావాలి. డిపో సారూ, మీ వాళ్ళు ఎక్కించింది అంతా సరైనదే, మీరు ఇక ప్రశాంతంగా కూర్చోవచ్చు. (నవ్వులు) పొరపాటు మనందరి బుర్రల్లో ఉంది. ఈ హాల్లో ఉన్న మన ఉద్యోగుల్లో షెడ్డు బస్సెక్కి ఇంటికి వెళ్ళనివాళ్ళు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి. చూడండి, ఒక్క చెయ్యి లేదు. జనరల్ మేనేజర్ గారు కూడా ఎత్తలేదు, కారు చెడిపోయిన రోజు నాకు తెలుసు. (నవ్వులు) పొద్దున పిల్లల్ని బడి దగ్గర దింపిందీ షెడ్డు బస్సులోనే, మందుల షాపుకి పోయిందీ అందులోనే. స్టాపు కూడా అక్కర్లేదు, మా వీధి చివర చెట్టు దగ్గర ఆగేది నా కోసం. అందుకే జాబితాలో ఖాళీ ట్రిప్పు కనిపిస్తే మన కళ్ళకి బస్సులాగే కనిపించింది. బయటివాళ్ళెవరైనా చూసుంటే మొదటి రోజే పట్టుకునేవాళ్ళు. పాపం క్వెరీకేం తెలుసు, మనం తలుపు తీసి ఉందని చెప్పిన ప్రతి చోటా అది నడిచింది. అడుగుతున్నది ఎవరో దానికి తెలియదు.

సరిచేయడానికి ఎంతసేపు పట్టిందంటారా? ఒక్క షరతు. జనం ఎక్కగలిగిన ట్రిప్పుల మీదే నడువు అని. ఇవాళ పొద్దున, నా ఆఖరి పనిదినం, నా ఆఖరి పని అదే. ఇందాకటి నుంచీ నా పాత ఫోటోలు చూపిస్తున్న ఈ తెర మీదే మళ్ళీ నడుపుతాను, రెండు నిమిషాలు ఓపిక పట్టండి సార్. ఇదీ ప్రశ్న. బయలుదేరేది క్వారీ కాలనీ. చేరాల్సింది పెద్దాసుపత్రి. క్వారీ బస్సు లేదు అనుకోవాలి. ఎన్ని బస్సులు మారినా ఫరవాలేదు అన్నాను, ఉదారంగా. నొక్కుతున్నాను.

(తెర మీద స్టాపు, తర్వాతి స్టాపు, బస్సు నంబరు అనే శీర్షికలు మాత్రం కనిపించాయి.)

కింద ఏమీ లేదు. ఆగిపోలేదు, చెడిపోలేదు, వెతకడం పూర్తయింది. అక్కడి నుంచి పోగలిగినంత మేరా తిరిగి వచ్చి, లేదు అంటోంది. బయలుదేరే చోటు మార్చి, ఆ రూటు మీది మిగతా స్టాపులు కూడా పొద్దున చూశాను. క్వారీ వైపు సగం స్టాపులకి ఇదే జవాబు. మా చెల్లెలు ఒక్కతే కాదు.

(జనరల్ మేనేజర్ గారు మైకు లేకుండానే ఏదో అన్నారు.)

వెనకవాళ్ళకి వినపడలేదు సార్, నేను చెబుతాను. ఈ సంగతి తనకి నోట్‌గా పెట్టి ఉండొచ్చు కదా, సభలో చెప్పడం ఎందుకు అని సారు అంటున్నారు. పెట్టాను సార్, పొద్దునే పెట్టాను, మీ బల్ల మీద ఉంది. కానీ సాయంత్రం అయిదు దాటితే నేను ఈ ఆఫీసు మనిషిని కాను. రేపు వచ్చి ఆ నోట్ ఏమైందని అడిగితే కింద గేటు దగ్గరే ఆపేస్తారు, ఆపాలి కూడా. మీరు మమ్మల్ని అడిగిన ప్రశ్న మంచిది. మేం ఇచ్చిన జవాబు తప్పు. తప్పు జవాబు మీద మీ సంతకం పడకూడదని నా ఆశ. ఆ బస్సు ఉంటే నష్టమేనని నాకు తెలుసు, ఆ లెక్కా నా దగ్గరే ఉంది. ఉంచాలో తీసేయాలో మీ ఇష్టం. తీసేస్తే మాత్రం, దారి ఉందని అనుకుని తీసేయకండి, లేదని తెలిసి తీసేయండి. నేను అడిగేది అంతే.

(జనరల్ మేనేజర్ గారు లేచి నిలబడి, కొత్త లెక్క పూర్తిగా చూసేదాకా ఆర్డరు ఆపుతున్నాననీ, ఒకటో తారీఖు తర్వాత కూడా క్వారీ బస్సు నడుస్తుందనీ డిపో సారుతో అందరికీ వినపడేలా చెప్పారు. చప్పట్లు.)

(చేతిలో మిగిలిన కాగితాలు మడిచారు.)

ఇవిక అక్కర్లేదన్నమాట. మీరు ఒప్పుకోకపోతే అనాల్సినవి రెండు పేజీలు రాసుకొచ్చాను సార్. (నవ్వులు) చాలా బాగా వచ్చింది, మా ఆయనకి చదివి వినిపించాను కూడా, పెన్షన్ ఆపేస్తారేమో అన్నారు. ఇవి ఇంటికి పట్టుకెళతాను. కృతజ్ఞతలు సార్. చూసేదాకా అన్నారు, ఎప్పటికీ అనలేదు, అది నాకు వినపడింది. ఫరవాలేదు. ఇక్కడి నుంచి ఒక్క అడుగు దొరికితే చాలు, అక్కడి నుంచి మళ్ళీ అడుగుతాను.

ఏడవకే. అందరూ చూస్తున్నారు. ఏమండీ, దానికి ఆ నీళ్ళ సీసా ఇవ్వండి.

నా సెక్షన్ వాళ్ళకి ఒక మాట. నాకు తీరని సందేహాలు ఇంకా ఉన్నాయి, పట్టుకెళ్ళడం ఇష్టం లేక ఇక్కడే వదిలి వెళుతున్నాను. రెండు బస్సులు మారడం నాకూ, మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషికీ ఒకే దారి అవుతుందా? రోడ్డుకి ఇటు దిగి అటు ఎక్కాలంటే మన టేబుల్‌లో ఒక్క క్షణం, ఆ రోడ్డు మీద లారీల మధ్య ఎంతసేపు? వాన పడితే మునిగిపోయే ఆ కింది వంతెన ఆ రోజు కూడా దారేనా? వీటిని క్వెరీకి ఎలా చెప్పాలో నాకు తెలియదు. తెలిసిన రోజు ఎవరైనా ఫోను చేసి చెప్పండి, నేను కూర తరుగుతూ అయినా వింటాను. ఫలితం వచ్చినప్పుడు మాత్రం ఉందా లేదా అని చూసి లేచిపోకండి. ఏ దారో ఒకసారి చదవండి, వీలైతే మనల్ని గుర్తుపట్టని మనిషిని ఆ దారిలో పంపి చూడండి.

ఇన్నేళ్ళూ నన్ను భరించిన మీకందరికీ ధన్యవాదాలు. మా చెల్లెలి వంతు మంచం పోయిన రోజు, అడగకుండానే నా పని చేసి పెట్టిన నా బల్ల పక్కవాళ్ళకి ఇంకా ఎక్కువ ధన్యవాదాలు. ఇక్కడ నాకు దొరికినంత మర్యాద నా పుట్టింట్లో కూడా దొరకలేదు, మా చెల్లెలు వింటోంది, అయినా అంటాను. రేపు పొద్దున లేచి ఎక్కడికి బయలుదేరాలో తెలియక నిలబడిపోతానని నాకు భయంగా ఉంది. చాలా భయంగా ఉంది.

చివరిగా, వెనక గోడ దగ్గరున్న నా డ్రైవర్ తమ్ముళ్ళకి ఒక విన్నపం. రేపో ఎల్లుండో నేను గోదాముల స్టాపులో నిలబడి ఉంటాను. అలవాటు కొద్దీ షెడ్డు బస్సుకి చెయ్యెత్తుతాను, నా చెయ్యి నా మాట వినదు. మీరు చూస్తారు, గుర్తుపడతారు, కాలు బ్రేకు మీదకి పోతుంది. ఆపకండి. మా చెల్లెలికి ఆపనట్టే నాకూ ఆపకుండా వెళ్ళిపోండి. నా మనసు చివుక్కుమంటుంది, ఆ పూటంతా మిమ్మల్ని తిట్టుకుంటాను కూడా. అయినా సరే ఆపకండి, అందరికీ ఆగే బస్సు ఎప్పుడొస్తుందో నేనూ నిలబడి చూస్తాను.

సెలవు.